పుస్తకం మీది, రాతలు అందరివీ

ఈసారి ఉత్తరం రాసినావిడకు యాభై దాటాయి. హైదరాబాద్‌లో ఉంటారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

వాళ్ల నాన్నగారు బాపట్ల వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితులు. భాషాప్రవీణ పాసై ఉద్యోగంలో చేరిన కొత్తలో, బెజవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల కొట్టులో 'శబ్దరత్నాకరం' నిఘంటువు కొన్నారు. అప్పటికే ఎవరో వాడి వదిలేసిన ప్రతి, ముఖపత్రం కూడా లేదు. దానికి క్యాలికో అట్ట వేయించి, పాతికేళ్లు పాఠాలకు అదే వాడారు. అంచుల్లో మొదట పెన్సిల్‌తో, తర్వాత నీలం సిరాతో రాసుకున్నారు. ఆ మాట ఏ పద్యంలో వచ్చిందో, ఊళ్లో వాళ్లు దాన్ని ఎలా పలుకుతారో, నిఘంటువులో లేని పల్లె మాటలేమిటో రాశారు. ఒక్కోచోట క్లాసులో ఏ పిల్లాడు ఏం అడిగాడో కూడా ఉంది. 1997లో ఈమె పెళ్లయి అత్తారింటికి బయల్దేరుతుంటే ఆ పుస్తకం చేతిలో పెట్టారు. అట్ట లోపలివైపు "అమ్మాయికి, నా దగ్గరున్న వాటిలో మంచిది. నాన్న" అని రాసి, కింద తారీఖు వేశారు.

ఆయన పోయి రెండేళ్లయింది. చివరి ఐదేళ్లు మంచం మీదే ఉంటే అన్నయ్య, వదిన చూసుకున్నారు. వచ్చే ఆబ్దికానికి అన్నయ్య ఆ బడికి నాన్న పేరు మీద ఒక పుస్తకాల బీరువా ఇస్తున్నారు. పైన ఫొటో, ఫొటో కింద అద్దాల పెట్టెలో ఈ నిఘంటువు ఉండాలని ఆయన కోరిక. ఫోన్ చేసి అడిగితే ఈమె "చూద్దాంలే అన్నయ్యా" అన్నారు. కొన్నాళ్లకు కుటుంబం వాట్సాప్ గ్రూపులో "నాన్న పుస్తకాలు ఏ ఒక్కరివీ కావు, అందరివీ" అని మెసేజ్ వచ్చింది. చిన్నాన్న పిల్లలు దాని కింద దండాలు పెట్టారు. ఈమె గ్రూపు తెరవడం మానేశారు.

"ఆ నిఘంటువు ఆంధ్రభారతి సైట్‌లో ఉంది, మాట టైప్ చేస్తే అర్థం వస్తుంది. ముక్కిపోయిన పుస్తకం కోసం అన్నాచెల్లెళ్లు మాటలు మానుకుంటారా?" అని భర్త విసుక్కుంటున్నారు. అమెరికాలో ఉన్న కొడుక్కి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పుస్తకం బీరువాలో పట్టుచీరల కింద ఉంది. నాన్న పోయాక ఈమె దాన్ని తెరవలేదు. ఈమధ్య బయటికి తీస్తే వెన్ను ఊడి చేతికొచ్చింది, కాగితం అంచులు రాలుతున్నాయి, పురుగు కూడా పట్టింది.

"ఇచ్చేస్తే నాన్నను ఇచ్చేసినట్టు ఉంటుంది. ఇవ్వకపోతే అందరి ముందూ స్వార్థపరురాలిని అవుతాను. ఏం చేయమంటారు?" ఇదీ ఆవిడ ప్రశ్న.

అమ్మా,

తేలికగా తేలేదాన్ని ముందు తేల్చేద్దాం. ఆ పుస్తకం మీది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 123వ సెక్షన్ ప్రకారం ఇల్లో పొలమో బహుమతిగా ఇవ్వాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. చేతికిచ్చే వస్తువుకు ఆ అవసరం లేదు. ఇచ్చేవారు ఇష్టంగా ఇచ్చి, పుచ్చుకునేవారు పుచ్చుకుంటే సరిపోతుంది. మీ నాన్నగారు 1997లో మీ చేతిలో పెట్టారు, పైగా సంతకంతో రాసిచ్చారు. ఆయన పోయేనాటికి అది ఆయన ఆస్తిలో లేదు, పంచుకునే ప్రశ్నే రాదు. మీకు లోపల ధైర్యంగా ఉండాలని ఈ మాట చెబుతున్నాను. దీన్ని మాత్రం గ్రూపులో పెట్టకండి. సెక్షన్ నంబరు చెప్పి నోరు మూయించిన చెల్లెల్ని ఏ అన్నా మనస్ఫూర్తిగా పండక్కి పిలవడు.

అయితే ఇందులో ఇంకో సంగతి ఉంది. పుస్తకం మీదే అయినా అంచుల్లో ఉన్న రాతలు అచ్చంగా మీ ఒక్కరివే కావు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన మాట మీద హక్కు రాసినవారిది. వారు పోయాక వారి వారసులది. కాగితం చేతులు మారినంత మాత్రాన ఆ హక్కు చేతులు మారదు. పెన్సిల్ రాతల కోసం ఎవరూ కోర్టుకెక్కరనుకోండి. కానీ ఈ తేడా మీకు పనికొస్తుంది. మీ అన్నయ్య "అందరివీ" అన్నది పుస్తకం గురించి అయితే తప్పు, ఆ రాతల గురించి అయితే ఒప్పు. మీరిద్దరూ ఒకే వస్తువును చెరోవైపు లాగుతున్నామనుకుంటున్నారు. నాకు మాత్రం అక్కడ రెండు కనబడుతున్నాయి.

మీ వారి మాట కూడా సగం నిజమే. శబ్దరత్నాకరం బహుజనపల్లి సీతారామాచార్యులు గారు చేసిన నిఘంటువు, 1885లో అచ్చయింది. హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. ఎన్నోసార్లు మళ్లీ అచ్చువేశారు, కంప్యూటర్‌లోనూ దొరుకుతుంది. అచ్చు అక్షరాల వరకు మీ ప్రతి పోయినా లోకానికి నష్టం లేదు. ఇంకెక్కడా లేనివి మీ నాన్నగారి రాతలు. ఆయన గొంతు విన్నట్టుండేది వాటిలోనే. వాటిని ఎలా కాపాడాలో చూసుకుంటే, పుస్తకం ఎక్కడుండాలన్నది ఇప్పుడున్నంత టెన్షన్ పెట్టదు.

ఇక మీ అన్నయ్య. ఆయన్ని గురించి మీరు రాసిన వాక్యం నన్ను ఆపింది: "అన్నయ్యకు తెలుగంటే భయం. నాన్న చేతిలో ఎక్కువ దెబ్బలు తిన్నది తెలుగు పాఠం దగ్గరే. ఆ పుస్తకం ఏనాడూ తెరవనివాడికి ఇప్పుడెందుకు?" కోపంలో రాశారు గానీ, జవాబు కూడా అందులోనే ఉంది. తెలుగు పండితుడి కొడుకై ఉండీ తెలుగు రాక, ఆయన ముందు తల దించుకుని పెరిగిన మనిషి. తర్వాత ఆ తండ్రికి ఐదేళ్లు పక్క బట్టలు మార్చి, అన్నం కలిపి నోట్లో పెట్టారు. "నా దగ్గరున్న వాటిలో మంచిది" అని ఆయన రాసింది మాత్రం చెల్లెలికి. ఆ వాక్యాన్ని ఒక్కసారి మీ అన్నయ్యగా చదివి చూడండి. బీరువా, ఫొటో, అద్దాల పెట్టె, వీటన్నిటితో ఆయన ఊరికి చెప్పాలనుకుంటున్నది "ఈయన నాకూ నాన్నే" అని కావచ్చు. నేను పొరపడి ఉండొచ్చు, ఆయన ఉత్తరం నా దగ్గర లేదు. కానీ ఐదేళ్లు సేవ చేసినవాణ్ని పేరు కోసం పాకులాడుతున్నాడని మీరు అన్నారే, ఆ మాట దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను. గ్రూపులో మెసేజ్ పెట్టడం తప్పే, అందులో అనుమానం లేదు. మీతో తేలని విషయాన్ని నలుగురిలో పెట్టి ఒత్తిడి తేవడం అది. "చూద్దాంలే" అని మీరు జరిపేయడం కూడా ఆయనకు 'లేదు' అన్నట్టే వినబడి ఉంటుంది.

మీ ఉత్తరం నాలుగో పేజీలో ఒక మాట రాసి, వెంటనే చీరల సంగతిలోకి వెళ్లిపోయారు. "యూనివర్సిటీలో ఎం.ఏ. తెలుగు సీటు వచ్చింది. అదే నెలలో సంబంధం కుదిరింది." ఆ సీటు వదులుకోమన్నది ఎవరో మీరు రాయలేదు, నేనూ ఊహించను. కానీ ఆ పుస్తకాన్ని ఇవ్వలేకపోవడమూ తెరవలేకపోవడమూ రెండూ ఒకేచోట ఎందుకున్నాయో ఆ రెండు వాక్యాలు చదివాక నాకు కొంచెం అర్థమైంది. మంచి పుస్తకం ఇచ్చిన నాన్న మీద ప్రేమ ఉంది. చదువు ఆగిపోతుంటే చూస్తూ ఉండి, ఆ చదువుకు పనికొచ్చే పుస్తకాన్ని పెళ్లి సామానులో పెట్టిన నాన్న మీద కోపమూ ఉంది. ఉంటే ఉండనివ్వండి. పోయినవారి మీద కోపం పెట్టుకోకూడదని మనకు నేర్పారు గానీ, అది నేర్పితే పోయేది కాదు. ఆ కోపాన్ని అన్నయ్య మీదికి మళ్లించకుండా ఉంటే చాలు. (ఇప్పుడైనా దూరవిద్యలో ఎం.ఏ. చేయొచ్చు కదా అని ఎవరైనా అంటారు. చేయొచ్చు. కానీ ఇరవై రెండేళ్ల వయసులో పోయినదానికి అది బదులు కాదు. మీకు ఇష్టమైతే చేయండి, దీనికి పరిహారంగా మాత్రం వద్దు.)

ఇప్పుడు మీ ముందున్న దారులు.

అన్నయ్య కోరినట్టు బడికే ఇచ్చేస్తే, ఆ రోజుకు అందరూ సంతోషిస్తారు. మీ నాన్నగారి శిష్యులు వచ్చి చూస్తారు, కొందరు కళ్లు తుడుచుకుంటారు, అది చిన్న విషయమేమీ కాదు. ఆ తర్వాత ఏమవుతుందో కూడా ఆలోచించండి. బడికి ఇచ్చిన పుస్తకాన్ని స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిస్తారు, మొదటి పేజీ మీద స్టాంపు వేస్తారు. మళ్లీ అడిగి తెచ్చుకోవడం కుదరదు. బీరువా తాళం హెడ్మాస్టరు దగ్గర ఉంటుంది, ఆయన బదిలీ అయితే ఎవరి దగ్గర ఉంటుందో చెప్పలేం. అద్దాల పెట్టెలో తెరిచి పెడితే రోజూ పడే వెలుగుకు సిరా వెలిసిపోతుంది. మూసి పెడితే పిల్లలకు కనబడేది అట్ట ఒక్కటే. పోనీ పిల్లలు వాడుకుంటారు అనుకుంటే, ఇప్పుడున్న స్థితిలో ఆ కాగితం ఏడాది కూడా తట్టుకోదు. నాకు ఈ దారి నచ్చలేదని మీకు అర్థమయ్యే ఉంటుంది. మీ నాన్నగారు ఆ పుస్తకాన్ని పాతికేళ్లు వాడిగొట్టారు, అద్దం వెనక పెట్టి ఉంచలేదు.

ఎవరేమనుకున్నా మీ దగ్గరే ఉంచుకుంటే, ఆ హక్కు మీకు పూర్తిగా ఉంది. కానీ పట్టుచీరల కింద పెట్టి ఉంచుకోవడాన్ని ఉంచుకోవడం అనలేను. ఇప్పటికే పురుగు పట్టింది. తెరవకుండా ఇంకో పదేళ్లు గడిస్తే ఈ తగాదాకు విషయమే మిగలదు. అన్నయ్యతో మాటలు తెగిపోవడమూ ఇందులో ఉంది. దానికి సిద్ధపడే మీరు ఉత్తరం రాస్తే ఇంత పెద్ద ఉత్తరం రాసేవారు కాదు.

బడికి బదులు పాత పుస్తకాలు భద్రపరచడం అలవాటైన గ్రంథాలయానికి ఇవ్వడం ఇంకో దారి. మీ ఊళ్లకు దగ్గర్లోనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో వెళ్తుంటారు. మీ నాన్నగారు భాషాప్రవీణ రోజుల్లో అక్కడికి వెళ్లి ఉన్నా ఆశ్చర్యం లేదు. అయితే ఏ గ్రంథాలయానికైనా ఇది ఇంకో శబ్దరత్నాకరం మాత్రమే కాకూడదు. ఒక ఉపాధ్యాయుడి అంచు రాతలున్న ప్రతిగా తీసుకుంటారా, విడిగా ఉంచుతారా అని ముందే అడగాలి, ఇచ్చినట్టు కాగితం తీసుకోవాలి. అక్కడుంటే మీ ఇద్దరిలో ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి గెలుపోటములు ఉండవు. కానీ ఇద్దరికీ చేతికి అందదు కూడా. ఇది ఇప్పటికి కాకుండా మీ తర్వాతి కాలానికి ఆలోచించాల్సిన దారి అనిపిస్తోంది. మీ అబ్బాయి చదవలేని పుస్తకాన్ని అతని నెత్తిన పెట్టకుండా ఉండటానికి అది పనికొస్తుంది. "నా తర్వాత నువ్వు జాగ్రత్తగా చూసుకోవాలి" అని అతని చేత ఒట్టు వేయించుకోకండి.

పుస్తకం ఎక్కడుండాలో ఇప్పుడే తేల్చకుండా, ముందు రాతల ప్రతి తీయడం నాలుగో దారి. ఇది పెద్ద ఖర్చుతో కూడినదేం కాదు, ఓపిక కావాలి. జిరాక్స్ షాపుకు తీసుకెళ్లకండి. అద్దం మీద బోర్లించి నొక్కితే మిగిలిన వెన్ను కూడా పోతుంది. పగటి వెలుగు వచ్చే కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడనిచోట బల్ల వేసుకుని, పుస్తకాన్ని సగం మాత్రమే తెరిచి, రెండు వైపులా దిండ్లు ఆనించి, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఒక్కో పేజీ తీయండి. పేజీ మొత్తం, అంచులతో సహా రావాలి. పెన్సిల్ రాతలు సరిగ్గా పడకపోతే వెలుగు పక్కనుంచి వచ్చేలా తిప్పి మళ్లీ తీయండి. పెద్ద పుస్తకం కాబట్టి రోజుకు కొన్ని పేజీలే అవుతాయి. ఆబ్దికం లోపల మొత్తం కాకపోయినా, అంచు రాతలున్న పేజీలు అయిపోతాయి. ఫొటోలను వరుసలో పెట్టి, అంచులు తిన్నగా చేసే పని మీ అబ్బాయికి ఇవ్వండి. దానికి తెలుగు చదవడం రానక్కర్లేదు.

ఆ రాతలను విడిగా ఎత్తి రాయాల్సింది మాత్రం మీరే. ఆయన తొందర రాత, పొట్టి గుర్తులు, ఏ పద్యాన్ని తలుచుకుని ఏ రెండు అక్షరాలు రాశారో, ఇవి ఇప్పుడు చదవగలిగేవాళ్లు మీరు కాక ఇంకెవరున్నారు? మీ అన్నయ్యకు రాదు, గ్రూపులో దండాలు పెట్టినవాళ్లకూ రాదు. అచ్చుకు ఇచ్చేముందు ఒకసారి వడపోయండి. క్లాసు పిల్లల పేర్లు, "మొద్దు" లాంటి మాటలు ఉంటే తీసేయండి. ఆ పిల్లలు ఇప్పుడు ఊళ్లో పెద్దమనుషులై ఉంటారు, ఆబ్దికానికి ముందు వరసలో కూర్చునేది వాళ్లే. మంచి కాగితం మీద ప్రింటు తీయించి గట్టి అట్టతో మూడు ప్రతులు కట్టించండి. ఒకటి బడి బీరువాకు, పిల్లలు తిరగేసినా ఫర్వాలేదు. ఒకటి అన్నయ్య ఇంటికి. ఒకటి మీకు, రోజూ చూసుకోవడానికి. ఇక అసలు పుస్తకాన్ని ఎవరి దగ్గర ఉంచాలన్నది తర్వాత మాట్లాడుకోవచ్చు. అప్పుడు మీరే అన్నయ్యకు ఇవ్వాలనుకోవచ్చు కూడా, బడికి కాదు, ఆయన ఇంటికి. నాన్నగారిని చివరివరకూ చూసుకున్న ఇల్లు అది. అలా ఇస్తే ఏ తొందరా ఒత్తిడీ లేకుండా ఇచ్చినట్టవుతుంది. ఇవ్వాలనిపించకపోతే ఉంచుకోండి, అదీ తప్పు కాదు.

దీంట్లో చిక్కు ఒకటే. "నకలు నాకెందుకు, అసలుది కావాలి" అని అన్నయ్య అనొచ్చు. అంటే ఆయనకు కావాల్సింది రాతలు కాదని, ఆ వస్తువేనని తెలుస్తుంది. అప్పుడు ఆ ఒక్కరోజుకు అసలు పుస్తకాన్ని మీరే తీసుకెళ్లి, మీ ఇద్దరి చేతులతో ఫొటో ముందు పెట్టి, సాయంత్రం వెనక్కి తెచ్చుకునే ఏర్పాటు అడిగి చూడండి. దానికీ ఒప్పుకోకపోతే, అట్ట లోపలి వాక్యాన్ని ఫొటో తీసి ఆయనకు చూపించి వాదించాలని మీకు అనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయొద్దు. ఆయనకు ఎక్కువ నొప్పి కలిగించేది అదే వాక్యం.

పుస్తకం ఆరోగ్యం సంగతి ఈ వారంలోనే చూడండి, మిగతావి ఆగినా ఇది ఆగదు. సెల్లోటేప్ అంటించకండి, కొన్నేళ్లకు జిగురు పసుపు పచ్చగా మారి అక్షరాలను తినేస్తుంది. లామినేషన్ వద్దు, ఒకసారి చేస్తే విప్పలేరు. అన్నిటికన్నా ముఖ్యం, మామూలు బైండింగ్ షాపుకు ఇవ్వకండి. వాళ్లు అలవాటు కొద్దీ మూడు వైపులా అంచులు కత్తిరించి నునుపు చేస్తారు. మీ నాన్నగారి రాతలన్నీ ఉన్నది ఆ అంచుల్లోనే. ఊడిన వెన్ను పారేయకుండా, తెల్లటి నూలు నాడాతో మొత్తం వదులుగా కట్టి ఉంచండి. పురుగు పట్టిన పుస్తకాన్ని మిగతా పుస్తకాలకు, చీరలకు దూరంగా పెట్టి, మెత్తటి బ్రష్‌తో ఒక్కో పేజీ దులపండి. ఎండలో పెట్టొద్దు, కాగితం ఇంకా పెళుసెక్కుతుంది. ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టొద్దు, లోపల చెమ్మ పడుతుంది. అట్టపెట్టెలో పడుకోబెట్టి, నాఫ్తలీన్ ఉండలు పెడితే గుడ్డలో కట్టి పుస్తకానికి తగలకుండా ఓ మూల ఉంచండి. బాగు చేయించాలనుకుంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత వస్తువులను భద్రపరిచే విభాగం ఉంది. బయటివారి పుస్తకం తీసుకోకపోయినా, ఇలాంటి పని తెలిసినవారు నగరంలో ఎవరున్నారో అడగడానికి అది మంచి చోటు. జపాన్ పల్చటి కాగితం, పిండి జిగురు వాడేవారికే ఇవ్వండి. ఎప్పుడైనా నష్టం లేకుండా విప్పగలిగే పద్ధతి అది.

అన్నయ్యకు గ్రూపులో జవాబు ఇవ్వకండి. ఫోన్ చేయండి, వదిన కూడా దగ్గరుండే సాయంత్రం పూట అయితే మంచిది. పుస్తకం గురించి కాకుండా బీరువా గురించి మొదలుపెట్టండి: ఏ పుస్తకాలు కొంటున్నారు, ఎంతవుతోంది, మీ వంతు ఎంత పంపాలి. నాన్న రాతలన్నీ ఎత్తి రాస్తున్నానని, ఒక ప్రతి బడికి, ఒక ప్రతి ఆయనకు ఇస్తానని చెప్పండి. అసలుది తీసుకొస్తారో లేదో ఆయన అడుగుతారు. తెస్తే ఒక్కరోజుకే తెస్తానని, లేదా తేలేనని అప్పుడే స్పష్టంగా చెప్పేయండి, "చూద్దాంలే" మాత్రం మళ్లీ అనకండి. ఆయన ఏమన్నా సరే, ఆబ్దికానికి వెళ్లండి. ఈ విషయం ముందే ఫోన్‌లో తేలిపోవాలి, భోజనాల దగ్గర బంధువుల మధ్య తేలే పరిస్థితి రానివ్వకండి.